యాకూబ్ భాయ్ అతుకు

సరుకు నిండిన ట్రాక్టరు డబ్బాను ఒంటి చేత్తో లేపిన మనిషిని నేను. నేను డ్రైవరుగా పనిచేసిన ఏ బస్సు డిపోలోనైనా అడగండి, చెబుతారు. డబ్బాలో ఇరవై బస్తాల బియ్యం, అరవై మంది జనం. కుడిచేత్తో డబ్బా ముందరి నొగ కడ్డీ పట్టి లేపి ట్రాక్టరు హుక్కుకు తగిలించాను, ఎడమచేత్తో బీడీ ముట్టించుకున్నాను. కొత్తగా డ్యూటీలో చేరిన ప్రతివాడికీ ఈ కథ చెప్పి ఒక చాయ్ తాగేవాణ్ణి. చెప్పినప్పుడల్లా రెండు బస్తాలు పెరిగేవి. ఇప్పుడు కూర్చుని రాస్తుంటే మాత్రం సరిచేయక తప్పడం లేదు. జనం అరవై కాదు, ఇరవై. పిల్లల్ని తీసేస్తే పదిహేను. వాళ్లు కూడా అప్పటికి డబ్బా ఎక్కలేదు, చుట్టూ నిలబడి చూస్తున్నారు. బస్తాలు ఆరు. ఒంటి చేయి కాదు, రెండు చేతులు, వాటికి తోడు మోకాలు. బీడీ పూర్తిగా అబద్ధం, నాకు ఆ పొగ పడదు. నొగ లేచిన మాట మాత్రం నిజం. అది అంత తేలికగా ఎందుకు లేచిందని ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు. సిద్దిపేటలో అయితే ఈ కథ అసలు ఎత్తేవాణ్ణే కాదు. యాకూబ్ భాయ్ చెవిన పడుతుందని భయం.

పాత బస్టాండు వెనక సందులో యాకూబ్ భాయ్‌కి వెల్డింగ్ షాపు ఉండేది. పోయిన నెల ఆయన చనిపోయాడు. కబురు తెలియగానే వెళ్లాను, అందరితో పాటు మూడు పిడికిళ్ల మట్టి వేశాను. ఏడుపు వస్తుందేమో అనుకున్నాను, రాలేదు. ఆయన కొడుకు ఖాజా నా రెండు చేతులూ పట్టుకుని "కాకా, నువ్వొచ్చినవు, చాలు" అన్నాడు. అప్పుడూ ఏమీ అనిపించలేదు, చేతులు నావి కానట్టు ఉన్నాయి. వచ్చే దారిలో వదిన తెమ్మన్న బీరకాయలు గుర్తొచ్చి, లేతవి ఏరి కొనుక్కుని ఇంటికి వచ్చాను. అన్న పోయాక, నా ఇల్లాలు కూడా పోయాక, నా తిండి వదిన చేతి మీదే నడుస్తోంది. ఆ రోజు బీరకాయ పచ్చడి బాగుందని కూడా అన్నాను.

తర్వాత వారం పది రోజులకు వదిన కొడుకు శ్రీను ఫోను చేత్తో పట్టుకుని నా గదిలోకి వచ్చాడు. వాడిది టెంట్ హౌస్, పెళ్లిళ్లకు కుర్చీలూ షామియానాలూ కిరాయికిస్తాడు. ఎవరో చేయించుకుని వాడకుండా వదిలేసిన ఒక చక్రాల ఇల్లు కొన్నాడట. లోపల రెండు పరుపులు, చిన్న వంట జాగ, నీళ్ల ట్యాంకు, కిటికీలకు పరదాలు. దాన్ని కారు వెనక తగిలించుకుని ఎక్కడికైనా పోవచ్చు. కొమురవెల్లిలో రద్దీ రోజుల్లో గదులు దొరకని వాళ్లకూ, తొగుట దిక్కు రిజర్వాయరు చూడడానికి వచ్చే వాళ్లకూ కిరాయికిస్తానన్నాడు.

"ముందుగాల మన ఇంటోళ్లమే పోతం చిన్నాయినా. ఐతారం పొద్దుగాల. అమ్మ, నా భార్య, పిల్లలు. నువ్వు గూడ రా."

"దేంతోని గుంజుతవురా?"

"మన కారు లేదా? ఫోన్ల చూసిన. గంత బరువు లాగుతదనే రాసిన్రు."

"లాగుతదిలే. ఆపుతదని రాసిన్రా?"

వాడు నవ్వాడు. "నువ్వు బస్సు డ్రైవర్ బుద్ధి పోనిచ్చుకోవు."

అది నా బుద్ధి కాదు. యాకూబ్ భాయ్ మాట. నోట్లోంచి దానంతట అదే వచ్చింది. నీళ్ల ట్యాంకు ఎక్కడుందిరా అని అడిగాను. వెనక ఉంది, వంట వెనక తలుపు దగ్గర గనుక అందరికీ సులువు అన్నాడు. గ్యాస్ సిలిండరూ అక్కడే, బియ్యం డబ్బాలూ అక్కడే. నొగ మార్చాలట, కారుకు హుక్కు వేయించాలట. ఆ పని ఖాజాకు ఇస్తే నమ్మకంగా ఉంటుందని ఊరంతా చెబుతోందట.

"అమ్మ ఒప్పుకుంటలేదు. వాళ్ల నాయిన అతుకు ఊడే నా కాలు పోయె, మల్ల కొడుకుతోని ఏపిస్తవా అంటది. అందుకే బైపాస్ మీద ఒకడున్నడు, వాడు గంటల ఏసిస్త అన్నడు."

వాడు వెళ్లాక చాలాసేపు గోడ చూస్తూ కూర్చున్నాను.

మాది మగ్గం ఇల్లు. ముందు గదిలో మగ్గం గుంట, అందులో కాళ్లు పెట్టుకుని బాపు, ఇల్లంతా గంజి వాసన. నాకు మీసాలు వచ్చే వేళకు మగ్గం మీద బతుకు కష్టమైంది. అన్న ఒకరోజు ఆ గుంటను మట్టితో పూడ్చి, ముందు గోడ కొంత పడగొట్టి, ఆ జాగలో పాత ట్రాక్టరు ఒకటి తెచ్చి నిలబెట్టాడు.  బాపు తన గుంట ఉన్నచోటికే వచ్చి, ట్రాక్టరు ముందు టైరుకు వీపు ఆనించి కూర్చుని ఇంకొకరి మగ్గానికి నూలు కండెలు చుట్టేవాడు. గంజి వాసనలో డీజిలు వాసన కలిసింది. అదే ఏడు వదిన కాపురానికి వచ్చింది. తెల్లవారకముందే ఆమె జొన్నరొట్టె తట్టే చప్పుడుకు నేను లేచేవాణ్ణి. రొట్టెలయ్యాక చేతులు కడుక్కుని ట్రాక్టరు ముందు భాగానికి పసుపు బొట్టు పెట్టేది. ఆమె నడక వేగం. ఇంట్లో ఏ మూల ఉందో కాలి పట్టీల చప్పుడును బట్టి తెలిసేది.

ట్రాక్టరుకు డబ్బా చేసింది యాకూబ్ భాయ్. ఆయన చెవి మీద ఎప్పుడూ ఒక సుద్దముక్క ఉండేది. ఏది అడిగినా వెంటనే చెప్పేవాడు కాదు. బండి చుట్టూ మూడుసార్లు తిరిగి, చాయ్ సాసరులో పోసుకుని, అది ఊదుకుని తాగాక మాట్లాడేవాడు. అన్న పెద్ద డబ్బా కావాలన్నాడు. యాకూబ్ భాయ్ తల అడ్డంగా ఊపాడు. "ఈ ట్రాక్టరు పిల్లది. గా డబ్బా దీనికి బరువైతది. ఖీంచ్‌నా అందరికొస్తది తమ్మి, గుంజుడు పెద్ద పని కాదు. రోక్‌నా చూడు. ఆపేటప్పుడు ఎనుకది ముందుదాన్ని నూకుతది." అన్న వినలేదు. ఊరందరి వడ్లూ మనమే తోలాలని వాడి ఆశ. చివరికి చేసిచ్చాడు గానీ నన్ను పక్కకు పిలిచి ఒక పద్ధతి చెప్పాడు. డబ్బా ముందుకు పొడుచుకొచ్చి ట్రాక్టరుకు తగిలే ఇనుప కడ్డీని మేం ఎడ్లబండి లెక్కనే నొగ అనేవాళ్లం. సరుకు నింపాక ఆ నొగను చేత్తో లేపి చూడాలి. ఇద్దరు కలిసి పొట్ట బిగబట్టి లేపితే లేవాలి. ఇద్దరికీ లేవకపోతే సరుకు ఎక్కువైనట్టు, దింపాలి. ఒక్కడికే లేచిందంటే బరువు వెనక్కి పోయినట్టు. "అది ఇంకా ఖరాబ్," అన్నాడు. "వెనుక బరువుంటే డబ్బా తోక ఊపుతది, ట్రాక్టరు వెనుక చక్రాలను పైకి లేపుతది. నీ బ్రేకు నేలను పట్టదు." పక్కనే కండె చుడుతున్న బాపు తల ఎత్తకుండానే అన్నాడు. "బండికి గూడ గంతే. వెనుక బరువైతే కాడి లేచి ఎద్దు గొంతు పడతది." ఇద్దరు పెద్దవాళ్లు ఒకే మాట చెప్పారు. నాకు అర్థం కాలేదని మాత్రం చెప్పను.

ఆ ఏడు కొమురవెల్లి మల్లన్నకు మా ఇంటి బోనం. మూడు రోజులు అక్కడే ఉండాలని డబ్బా మీద తాడ్‌పత్రి గూడు కట్టాం, లోపల చాపలు పరిచాం. శ్రీను ఇప్పుడు కొన్న చక్రాల ఇల్లు లాంటిదే అది కూడా, పరదాలు లేవంతే. బియ్యం, వంట గిన్నెలు, పెద్ద నీళ్ల డ్రమ్ము, పొయ్యికి మూడు బండరాళ్లు. జాగ పట్టడానికి అన్నా బాపూ ముందే బస్సులో పోయారు. బండి నా చేతిలో పెట్టారు. బయలుదేరే ముందు యాకూబ్ భాయ్ వచ్చాడు. సామాను ముందు భాగంలో పేర్చి ఉంది. ఆయనా నేనూ కలిసి నొగ పట్టాం, లేవలేదు.

"సగం దింపు మల్లేశం. రెండు ట్రిప్పులు చెయ్. నేను నమాజుకు పోయొస్త, అందాక కదలకు," అని వెళ్లాడు.

ఎండ ఎక్కుతోంది. ఆడవాళ్లు కొత్త కుండలు ఒళ్లో పెట్టుకుని గోడ నీడకు జరుగుతున్నారు. వదిన నవ్వింది.

"మా మరిదికి లైసెన్స్ సర్కారోళ్లు ఇయ్యలేదట. యాకూబ్ భాయ్ ఇయ్యాల్నట."

అందరూ నవ్వారు. ఆమె మాట వల్లనే చేశానని నాకు నేను చాలాకాలం చెప్పుకున్నాను. ఆమె ప్రతిరోజూ నన్ను అలాగే ఆటపట్టించేది. మిగతా రోజుల్లో నేనేమీ చేయలేదు. ఆ రోజు డబ్బా ఎక్కి బస్తాలూ డ్రమ్మూ రాళ్లూ అన్నీ వెనక్కి మార్చాను. ఒక్క గింజ దింపలేదు. కిందికి దిగి నొగ పట్టుకుంటే లేచింది. చూస్తున్నవాళ్లు శభాష్ అన్నారు. వదిన కూడా అంది. అలా తేలికగా లేవడమే తప్పని వాళ్లలో ఎవరికీ తెలియదు. తెలిసిన ముగ్గురిలో ఇద్దరు అక్కడ లేరు.

డ్రమ్ము దొర్లకుండా పట్టుకోవడానికి ఒక మనిషి వెనక కూర్చోవాలన్నాను. వదిన ఎక్కి కూర్చుంది. మిగతావాళ్లూ ఎక్కారు, యాకూబ్ భాయ్ తిరిగి రాకముందే బండి తీశాను.

దారి పొడుగునా ట్రాక్టరు వెనక చక్రాలు గాలి మీద పోతున్నట్టు ఎగురుతూనే ఉన్నాయి. కొమురవెల్లి ఇంకా కొంత దూరం ఉందనగా ఒక దిగుడు, దిగుడు చివర రోడ్డు కింద నీళ్లు పోయే మోరీ. సగం దిగాక డబ్బా అటూ ఇటూ ఊగడం మొదలైంది. బ్రేకు తొక్కాను. చక్రాలు ఆగాయి, బండి ఆగలేదు. వెనకది నూకుతూనే ఉంది. నొగ మెలిపడింది, అతుకు చిరిగింది, డబ్బా పక్కకు ఒరిగి మోరీ పక్క గుంతలో పడింది. మిగతావాళ్లకు గీతలూ దెబ్బలూ తగిలాయి. డ్రమ్ము వదిన కాలి మీద పడింది. రోడ్డు మీద బియ్యం తెల్లగా పరుచుకుంది. ఆ బియ్యం ఎలా ఎత్తాలా అని ఆలోచిస్తూ నిలబడ్డాను. వదిన అరుస్తోందో లేదో నాకు జ్ఞాపకం లేదు. జ్ఞాపకం ఉందని రాయగలను, రాస్తే బాగుంటుంది కూడా. కానీ లేదు.

దవాఖానలో అన్న అడిగాడు, ఏమైందిరా అని. "అతుకు ఊడింది" అన్నాను. ఊడిన మాట నిజమే కదా, కళ్లముందు కనిపిస్తోంది కదా. మరునాడు ఖాళీ డబ్బాను ఇంటికి లాక్కొచ్చాక యాకూబ్ భాయ్ వచ్చాడు. ఆ రోజు చాయ్ అడగలేదు. చిరిగిన చోట వేలు పెట్టి చాలాసేపు తడుముతూ కూర్చున్నాడు. అక్కడ మేమిద్దరమే ఉన్నాం.

"సామాను దింపినవా?"

"సగం దింపిన."

"నొగ ఇద్దరు లేపిన్రా?"

"ఇద్దరం లేపినం భాయ్."

తల ఊపాడు. నమ్మాడు. ఆ తర్వాత ఆయన ఎవరికీ డబ్బా చేయలేదు. గేట్లూ కిటికీ జాలీలూ చేసుకుంటూ బతికాడు. డబల్ రొట్టెలూ పండ్లూ పట్టుకుని దవాఖానకు వస్తే అన్న తలుపు దగ్గర నుంచే పంపించేశాడు. వదిన కాలు దక్కింది గానీ ముడవదు. వాపు దిగక ఆ కాలి పట్టీ తీసేశారు, మళ్లీ పెట్టలేదు. ఇంట్లో ఒక పట్టీ చప్పుడే మిగిలింది. కొన్నాళ్లకు రెండోదీ తానే తీసేసింది. బజార్లో యాకూబ్ భాయ్ సలాం పెడితే మొహం తిప్పుకునేది. పక్కన నేనూ ఉండేవాణ్ణి.

శ్రీను వచ్చి వెళ్లిన సాయంత్రం వదిన కాలు చాపుకుని అనపకాయలు ఒలుస్తోంది. ఎదురుగా కూర్చున్నాను. శ్రీను గుమ్మంలో ఉన్నాడు.

"వదినె, యాకూబ్ భాయ్ అతుకు ఊడలే."

"మరి నా కాలు ఎట్ల పోయిందంటవు?"

చెప్పాను. బరువు వెనక్కి మార్చింది, నొగ ఒక్కణ్ణే లేపింది, సగం దింపానని చెప్పిన అబద్ధం.  బస్సులో కండక్టరు స్టేజీల పేర్లు చెప్పినట్టు వచ్చేసింది. ఆమె చేతులు ఆగలేదు, కాయలు ఒలుస్తూనే ఉంది.

"డ్రమ్ము పట్టుకొమ్మంటివి. పట్టుకున్న."

"అవు."

"గప్పటికే నీకు ఎరుకేనా?"

లేదు అనబోయాను. "ఎరుకే. గింత దూరమే గదా అనుకున్న."

"ఆయన సలాం పెడితె నేను మొఖం తిప్పుకుంటి. నువ్వు చూసుకుంటనే ఉంటివి."

"చూసిన."

"మొన్న సచ్చిపోతె గూడ నేను పోలే. నువ్వు పోయినవు."

"పోయిన."

"వచ్చేటప్పుడు బీరకాయలు తెచ్చినవు."

 శ్రీను ఏదో అనబోతే వదిన చేయి అడ్డం పెట్టింది. "సీనూ, ఐతారం బండి ఖాజా చూసినంకనే కదలాలె. లేకుంటే కదలద్దు." తర్వాత నా వైపు చూడకుండానే అంది. "ఖాజాకు నేను చెప్ప, సీను చెప్పడు. నువ్వే పోయి చెప్పు."

ఆ పూట కంచం ఎప్పటిలాగే పెట్టింది. రోజూ నేను తినేంతసేపూ ఎదురుగా కూర్చునేది. ఆ రోజు లోపలికి వెళ్లిపోయింది. నేను అన్నం మొత్తం తిన్నాను.

మరునాడు పొద్దున ఖాజా షాపుకు వెళ్లాను. ఏదో గేటు మీద వంగి ఉన్నాడు. నన్ను చూసి మొహానికి పెట్టుకున్న అద్దం పైకి లేపి స్టూలు జరిపాడు. కూర్చోకుండానే అంతా చెప్పాను. 

"అబ్బా ఉన్నప్పుడు ఎందుకు చెప్పలే కాకా?"

మూడుసార్లు గుమ్మం దాకా వచ్చి తిరిగిపోయానని చెబుదామనుకున్నాను. నోటి చివరి దాకా వచ్చింది. రాలేదు నేను, ఒక్కసారి కూడా.

"ధైర్యం లేక. మల్ల అలవాటైపోయింది."

ఖాజా ముందున్న గేటు చూపించాడు. "గిది చూడు. ప్రతి అతుకు రెండుసార్లు ఏసి ఉంటది. అబ్బా నాకు అట్లనే నేర్పిండు. ఒక్కసారి ఏసింది నమ్మద్దంటుండె. చెయ్యి వణికినంక గూడ రెండుసార్లే ఏస్తుండె. ఎందుకు అబ్బా అంటే, నా చెయ్యి ఒక మనిషి కాలు తీసింది అంటుండె. నీ తప్పు కాదని మా అమ్మి ఎన్నిసార్లు చెప్పినా అబ్బా వినకపోయె."

నేను నిలబడే ఉన్నాను. వాడు అద్దం మళ్లీ మొహం మీదికి దించుకోబోయి ఆగాడు.

"నువ్వు నాకు చెప్తే ఏం ఫాయిదా లేదు. అమ్మికి తెల్వాలె. అబ్బా పోయినందుకు ఇద్దత్‌ల ఉంది, గా నాలుగు నెలలు ఇంట్లకెల్లి బయటికి రాదు, బయటోళ్లను కలవదు. రాసియ్. నేను సదివి వినిపిస్త. పెంచి రాయకు కాకా, నీ సంగతి ఊరందరికీ ఎరుకే."

ఖాజా పని మాత్రం కాదనలేదు. శ్రీను కొన్న చక్రాల ఇంటిని ముందు లారీలు తూచే ధర్మకాంటా మీదికి ఎక్కించాడు. ఖాళీగా ఒకసారి తూచాడు, నీళ్లూ సిలిండరూ పరుపులూ సామానూ అన్నీ పెట్టించి ఇంకోసారి తూచాడు. ఫోనులో రాసి ఉన్న లెక్క ఖాళీ బరువుకే సరిపోయింది, నిండిన దానికి కారు చాలదు. పెద్ద జీపు కిరాయికి తెమ్మన్నాడు. నీళ్ల ట్యాంకు విప్పి చక్రాల మీదికి, కొంచెం ముందుకు జరిపాడు. వెనకదానికి వేరే బ్రేకు వేశాడు. శ్రీను అంతా అయ్యాక నాతో అన్నాడు, ఇప్పుడైతే కాంటాలున్నాయి, పుస్తకాలున్నాయి, మీ కాలంలో ఇవేవీ లేవు కదా చిన్నాయినా అని. నన్ను కొంచెం ఓదార్చాలని వాడి ఉద్దేశం. కాంటా లేదు గానీ నాకు తూకం తెలుసు. ఇప్పటి రోడ్డు వెడల్పు, ఆ దిగుడును చదును చేశారు, మోరీ ఎక్కడుందో కూడా తెలియదు. అప్పటికీ ఇప్పటికీ తేడా చెప్పమంటే ఇంతే చెప్పగలను. అప్పుడు చెప్పినవాణ్ణి పక్కకు పోనిచ్చి బండి తీశాం. ఈసారి ఖాజా సరే అనేదాకా వదిన గుమ్మం దిగలేదు.

ఆదివారం వాళ్లంతా వెళ్లారు. నన్ను రమ్మని ఎవరూ అనలేదు, నేనూ అడగలేదు. వదిన అన్నం వండి మూత పెట్టి వెళ్లింది. సాయంత్రానికి శ్రీను ఫోను చేశాడు, అందరం మంచిగ చేరినం అని. సరే అన్నాను. అప్పటినుంచి ఇది రాస్తున్నాను. పెంచిన చోటల్లా పక్కనే పెంచానని రాశాను.

ఖాజా, ఇది చదివేటప్పుడు మిగతాది అమ్మికి వినిపించినా వినిపించకపోయినా ఈ చివరి నాలుగు ముక్కలు మాత్రం నెమ్మదిగా చదువు. భాభీ, బరువు వెనక్కి మార్చింది నేను. నొగ ఒక్కణ్ణే లేపాను. భాయ్ అడిగితే ఇద్దరమని చెప్పాను. ఆయన వేసిన అతుకులో ఏ దోషమూ లేదు. ఒక్కసారి వేసింది చాలు.